టర్పెంటైన్ వాసన

శనివారం మధ్యాహ్నం ఇంట్లో ఇద్దరే ఉన్నారు. కుంచె కిటికీ కింద నేల మీద కూర్చుని, గాజు పలక మీద లకుముకి పిట్టకు రెక్కలు వేస్తోంది. ఏడాదిన్నర కూడా నిండని తమ్ముడు ఆమె వైపు తప్పటడుగులు వేసుకుంటూ మూడోసారి వస్తున్నాడు.

కుంచె ఆమె అసలు పేరు కాదు. ఎంత దువ్వినా జుట్టు నిక్కబొడుచుకునే ఉంటుందని నాన్నతో పనిచేసే మేస్త్రి పెట్టిన పేరు. తమ్ముణ్ణి అందరూ బుడ్డోడు అంటారు.

నాన్న తలుపులకు, కిటికీలకు, గేట్లకు రంగులు వేస్తాడు. డబ్బాల అడుగున మిగిలిన రంగులు తెచ్చి కూతురికి ఇస్తాడు. అవి బడిలో పిల్లలు వాడే నీళ్ల రంగుల్లాంటివి కావు. చిక్కగా, జిడ్డుగా ఉంటాయి. టర్పెంటైన్ నూనె కలిపితే గాని పలచబడవు. మూత తీయగానే ఘాటు వాసన ముక్కులో నుంచి నెత్తికెక్కుతుంది.

వచ్చే శుక్రవారం బడిలో ప్రదర్శన. పిట్ట ఇంకా సగమే అయింది. నిన్న బుడ్డోడు తోకను అరచేత్తో అలికేశాడు. మొన్న ముక్కును.

అమ్మ పోయి పదకొండు నెలలు. బడి ఉన్న రోజుల్లో బుడ్డోణ్ణి పక్కవీధిలో ఉండే అత్త చూసుకుంటుంది. బడి వదిలాక, నాన్న ఇంటికి వచ్చేదాకా కుంచెదే కాపలా. వాడు పడకుండా చూడాలి. ఏడవకుండా చూడాలి. కనబడిందల్లా నోట్లో పెట్టుకోకుండా చూడాలి. బొమ్మ వేసుకుంటూ చేసే పని కాదది.

బుడ్డోడు రంగు డబ్బా మీదికి చెయ్యి చాచాడు. కుంచె పక్కనే ఉన్న ఇనప గరిటె తీసి, వాడి వెనకాల ఖాళీ డబ్బా మీద బలంగా ఒక్కటి వేసింది.

వాడు ఉలిక్కిపడి చతికిలబడ్డాడు. పెదవులు వణికాయి. ఒక క్షణం ఊపిరి అందలేదు. తర్వాత ఏడుపు ఇల్లెగిరిపోయేలా వచ్చింది.

కుంచె వాణ్ణి ఎత్తుకుని ఊరడించింది. కింద దించాక వాడు డబ్బాల దగ్గరికి రాలేదు. అరగంట సేపు రాలేదు. ఆ అరగంటలో ఒక రెక్క పూర్తయింది.

మీద చెయ్యి వెయ్యలేదు, తిట్టలేదు, చప్పుడే కదా అనుకుంది కుంచె. ఎవరైనా అడిగితే చెప్పడానికి మంచి కారణం కూడా ఉంది. రంగు కడుపులోకి పోతే పిల్లాడికి ప్రాణం మీదికి వస్తుందని అత్త వందసార్లు చెప్పింది. డబ్బాలు తీసి అటక మీద పెట్టేస్తే ఆ భయం ఉండదు. బొమ్మ కూడా ఉండదు. అందుకని కుంచె అటక సంగతి ఆలోచించలేదు.

శనివారం మూడుసార్లు గరిటె మోగింది. ఆదివారం కూడా నాన్న పనికి వెళ్లాడు. ఆ రోజు నాలుగుసార్లు మోగింది.

సోమవారం బడి నుంచి వచ్చి కుంచె డబ్బా మూత తీసింది. గరిటె ఇంకా ముట్టుకోలేదు. బుడ్డోడు గదికి అటు చివర ప్లాస్టిక్ గ్లాసుతో ఆడుకుంటున్నాడు. ఆమె వీపు వాడి వైపు ఉంది. డబ్బా వాడికి కనబడే వీలే లేదు. అయినా వాడు గ్లాసు వదిలేసి, వెనక్కి వెనక్కి జరిగి, తలుపు చాటుకు పోయి ఏడుపు లంకించుకున్నాడు.

ఇక గరిటె అక్కర్లేదని కుంచె సంబరపడింది. కనబడని డబ్బాకు వాడెందుకు ఏడ్చాడో అప్పుడే ఆలోచించి ఉండాల్సింది. ఆలోచించలేదు. పిట్ట కన్ను వేసే పనిలో ఉంది.

సాయంత్రం ఆరున్నరకు నాన్న వచ్చాడు.

ఆ ఇంట్లో రోజు మొత్తానికి మంచి నిమిషం అదొక్కటే. నాన్న గుమ్మంలో నిచ్చెన ఆనించి గొంతుక్కూర్చుంటాడు. బుడ్డోడు పడుతూ లేస్తూ పోయి ఆయన మోకాళ్లను వాటేసుకుంటాడు. అమ్మ పోయినప్పటి నుంచి బిగుసుకుపోయిన నాన్న మొహం అప్పుడు కాస్త వదులవుతుంది. మళ్లీ మర్నాటి దాకా అంతే.

"రారా, నా దొరా," అన్నాడు నాన్న.

బుడ్డోడు రెండడుగులు వేశాడు. ఆగాడు. ముక్కు చిట్లించాడు. ఒక్కసారిగా కేక పెట్టి, వెనక్కి తిరగబోయి బోర్లా పడ్డాడు. చడ్డీ తడిసిపోయింది.

నాన్న తన వెనకాల ఏముందోనని తిరిగి చూశాడు. ఏమీ లేదు.

మంగళవారం నాన్న ఇంట్లోకి రాకముందే పెరట్లో స్నానం చేశాడు. సబ్బుతో చేతులు రెండు సార్లు తోముకున్నాడు. టర్పెంటైన్ సబ్బుకు లొంగదు. గోళ్ల సందుల్లో ఉంటుంది, జుట్టులో ఉంటుంది, చర్మంలోకి ఇంకి ఉంటుంది. బుడ్డోడు ఏడ్చాడు. బుధవారం పని దగ్గరే చొక్కా మార్చుకుని వచ్చాడు. బుడ్డోడు ఏడ్చాడు. తలుపుకు పట్టినట్టు మొహానికి ఉప్పు కాగితం పట్టి ఓ కోటు కొత్త రంగు వేసుకోమని మేస్త్రి అన్నాడట. ఆ మాట నాన్న అత్తతో చెప్పాడు. ఎవరూ నవ్వలేదు.

బుధవారం రాత్రి నుంచి నాన్న కంచం పట్టుకుని బయట మెట్టు మీద కూర్చుని తినడం మొదలుపెట్టాడు.

గురువారం సైన్సు క్లాసు మధ్యాహ్నం అన్నానికి ముందు. టీచర్ పాఠం ఆపి గడియారం చూసింది. సరిగ్గా అప్పుడే బయట గంట మోగింది. ఎవరూ కదలొద్దంది టీచర్. ఎవరి నోట్లో నీళ్లూరాయో చెయ్యెత్తమంది. సగం మంది ఎత్తారు.

"ఏం, గంటను తింటారా?" అంది టీచర్.

క్లాసంతా నవ్వింది. టీచర్ నవ్వలేదు. పుట్టినప్పుడు ఎవరికీ గంట చప్పుడుకు నోరూరదని చెప్పింది. అన్నానికి నోరూరడం ఎవరూ నేర్పక్కర్లేదు. కానీ రోజూ ముందు గంట, వెనకే అన్నం. ఒంట్లో ఆ రెండూ ముడిపడిపోయాయి. ఇప్పుడు అన్నం లేకపోయినా గంట చాలు.

"ఆ ముడి మనం వేసుకున్నది కాదు. అది మనల్ని అడిగి పడలేదు," అంది టీచర్.

వెనక బెంచీ పొడుగువాడు లేచి, వాళ్ల నాన్న బండి చప్పుడు వినబడితే చాలు తన పుస్తకం దానంతటదే తెరుచుకుంటుందన్నాడు. అది కూడా ఆ ముడేనంది టీచర్. భయం ఇంకా తొందరగా ముడిపడుతుందట. కుక్క కరిచిన సందులోకి వెళ్తే, కుక్క లేకపోయినా కాళ్లు వణుకుతాయి. సందు ఏ పాపమూ ఎరగదు. కరిచిన రోజు అది అక్కడ ఉంది, అంతే.

కుంచె వేళ్ల మీద లెక్కపెట్టింది.

ముందు వాసన. వెనకే చప్పుడు. శనివారం మూడు, ఆదివారం నాలుగు. డబ్బా అంటే భయం నేర్పుతున్నానని తను అనుకుంది. వాడు నేర్చుకున్నది డబ్బాను కాదు, వాసనను. ఆ వాసన డబ్బాలో మాత్రమే ఉండదు.

"టీచర్, ఆ ముడి విప్పొచ్చా?" అని అడిగింది.

"విప్పొచ్చు. రోజూ గంట కొట్టి అన్నం పెట్టకపోతే, కొన్నాళ్లకు నోరూరడం మానేస్తుంది. కానీ పడినంత తొందరగా విడిపోదు. విడిపోయిందనుకున్నాక కూడా ఒక్కోరోజు మళ్లీ బిగుస్తుంది."

ఆ సాయంత్రం కుంచె నాన్నతో ఏమీ చెప్పలేదు.

శుక్రవారం ప్రదర్శనలో లకుముకి పిట్టకు రెండో బహుమతి వచ్చింది. గాజు పలక చంకలో పెట్టుకుని ఇంటికి వచ్చేసరికి, అత్త ఫోన్లో పిన్నితో మాట్లాడుతోంది. పిన్ని అమ్మకు చెల్లెలు. వేరే ఊళ్లో ఉంటుంది. పిల్లలు లేరు. బుడ్డోణ్ణి తను పెంచుకుంటానని అమ్మ పోయిన నెలలోనే అడిగింది. అప్పుడు నాన్న ఆ మాటే ఎత్తొద్దన్నాడు.

ఇప్పుడు అనలేదు. బయట మెట్టు మీద కూర్చుని వింటున్నాడు.

అత్త ఫోన్ పెట్టేసి, ఆదివారం పిన్ని వచ్చి తీసుకెళ్తుందని చెప్పింది. తల్లి లేని పిల్లాడు తండ్రిని చూస్తేనే దడుచుకుంటుంటే ఇక ఇక్కడ ఉంచి ఏం ప్రయోజనం అంది. చెడ్డదై అన్న మాట కాదు. ఆమెకూ కళ్లు నిండి ఉన్నాయి.

"వాడికి నేనంటే పడటం లేదక్కా," అన్నాడు నాన్న. "పడనివాణ్ణి పట్టుకుని ఉండి ఏం చేస్తాను."

కుంచె గాజు పలకను గోడ వైపు తిప్పి పెట్టింది. ఎవరూ బొమ్మ చూడలేదు. చూపించమని అడగలేదు.

శనివారం సాయంత్రం నాన్న బుడ్డోడి బట్టలు సర్దుతున్నాడు. అత్త బుడ్డోణ్ణి తన ఇంటికి తీసుకుపోయింది. నాన్న ఒక్కో చొక్కానూ పాత పేపరు ముక్కతో పట్టుకుని సంచీలో పెడుతున్నాడు. కుంచెకు ముందు అర్థం కాలేదు. తర్వాత అయింది. బట్టలకు తన వాసన అంటకూడదని.

"నాన్నా, వాడు నిన్ను చూసి భయపడటం లేదు."

"నాకు కళ్లున్నాయి."

"నిన్ను చూసి కాదు. వాసనకి. నేనే నేర్పాను."

నాన్న చేతిలో చిన్న చొక్కా అలాగే ఉండిపోయింది. కుంచె అంతా చెప్పింది. గరిటె, ఖాళీ డబ్బా, తలుపు చాటు, టీచర్ చెప్పిన గంట, కుక్క కరిచిన సందు. చెబుతున్నంతసేపూ ఆయన మొహం వైపు చూడలేదు.

"ఎన్నిసార్లు కొట్టావు?"

"ఏడు."

"ఏడేనా?"

"ఏడే."

నాన్న ఆ ఏడు చప్పుళ్లనూ ఇప్పుడు వింటున్నట్టు కూర్చున్నాడు.

"ఇది నీకెప్పుడు తెలిసింది?"

"గురువారం."

"ఇవాళ శనివారం," అన్నాడు నాన్న.

కొడతాడేమో అనుకుంది కుంచె. కొట్టలేదు. కొడితే బాగుండేదని తర్వాత చాలాసార్లు అనుకుంది. ఆయన లేచి గరిటె తీసుకుని వీధిలోకి వెళ్లిపోయాడు. తిరిగి వచ్చినప్పుడు చేతిలో గరిటె లేదు.

ఆదివారం పిన్ని వచ్చింది. బుడ్డోడికి కొత్త బూట్లు తెచ్చింది, దారిలో వాడికి కప్పడానికి శాలువా తెచ్చింది. సంగతంతా విని కుంచె వైపు తేరిపార చూసింది.

"ఇంత బుద్ధి ఎక్కణ్ణుంచి వచ్చిందే నీకు," అంది.

అది మెచ్చుకోలు కాదు.

నాన్న నెల గడువు అడిగాడు. పిన్ని శాలువా మడత పెట్టుకుంటూ ఒప్పుకుంది. నెల తర్వాత వస్తానంది. అప్పటికీ పిల్లాడు తండ్రి దగ్గరికి పోకపోతే, ఇంకెవరి మాటా విననంది. బూట్లు వదిలేసి, శాలువా తీసుకుని వెళ్లింది.

మర్నాడు కుంచె టీచర్‌ను అడిగి, ఏం చేయాలో నోటు పుస్తకం వెనక పేజీలో రాసుకుని వచ్చింది. పెద్దగా ఏమీ లేదు. వాసన ఉండాలి. చప్పుడు ఉండకూడదు. వాసన వస్తున్నప్పుడు వాడికి ఇష్టమైనది ఏదో ఒకటి జరగాలి. వాడు భయపడేంత దగ్గరికి ఎప్పుడూ తేకూడదు.

మొదటి వారం గుడ్డ పీలిక మీద ఒక్క చుక్క టర్పెంటైన్ వేసి గుమ్మం బయట పెట్టింది. గదిలో ఇటు చివర బుడ్డోణ్ణి ఒళ్లో పెట్టుకుని బిస్కెట్ తినిపించింది. వాడు నమలడం ఆపితే గుడ్డ ఎక్కువ దగ్గరైనట్టు. అప్పుడు వాడిని పక్కన కూర్చోబెట్టి, వెళ్లి గుడ్డను ఇంకో మూర దూరం జరిపేది. మళ్లీ నమిలితే ఆ రోజుకు చాలు. మర్నాడు ఒక జానెడు ఇవతలికి.

ఇంట్లో చప్పుడు లేకుండా బతకడం నేర్చుకున్నారు. కంచాలు గుడ్డ మీద బోర్లించారు. తలుపు గడియకు నాన్న దారం చుట్టాడు. అయినా రెండో వారంలో అత్త చేతిలోంచి పళ్లెం జారింది. అప్పటికి గుడ్డ గది లోపలికి వచ్చింది, నాన్న కూడా గుమ్మంలో వీపు తిప్పి కూర్చుని ఉన్నాడు. బుడ్డోడు మళ్లీ తలుపు చాటుకు పోయాడు. గుడ్డ పీలిక మళ్లీ గుమ్మం బయటికి పోయింది. ఐదు రోజుల పని గంగలో కలిసింది. అత్త తన చెయ్యి విరిగిపోనూ అని తిట్టుకుంది. కుంచె పళ్లెం తీసి గుడ్డ మీద బోర్లించింది. ఆమెకు ఒకరిని అనే హక్కు లేదు.

మూడో వారం నాన్న గుమ్మంలో ఇటు తిరిగి కూర్చున్నాడు. బుడ్డోడు అక్క ఒళ్లోంచి ఆయన్ని చూస్తూ అరటిపండు తిన్నాడు. ఏడవలేదు. దగ్గరికీ పోలేదు.

ఆ రోజుల్లో నాన్న కుంచెతో అవసరమైన మాటలే మాట్లాడాడు. దూరం సరిపోతుందా అని అడిగేవాడు. రేపు ఎక్కడ కూర్చోమంటావు అని అడిగేవాడు. అంతకు మించి లేదు. పర్వాలేదులే అని అనలేదు. ఆమె కూడా ఆ మాట కోసం అడగలేదు. మిగిలిన రంగులు తేవడం మానేశాడు. ఆమె వాటినీ అడగలేదు.

నాలుగో వారం వీధిలోకి మారారు. గాలిలో వాసన పలచబడుతుందని కుంచెకే తోచింది. ఆరున్నరకు బుడ్డోణ్ణి నడిపించుకుంటూ వీధి మలుపు వైపు వెళ్లేది. వాడు ఆమె చూపుడు వేలు పట్టుకుని నడిచేవాడు. నాన్న మలుపు తిరిగి నిచ్చెన భుజాన వేసుకుని వచ్చేవాడు. వాడి గుప్పిట బిగుస్తే ఆమె ఆగేది. అటు నాన్న కూడా ఆగేవాడు. గుప్పిట వదులైతే ఒక అడుగు. లేకపోతే ఆ రోజుకు అంతే. నాన్న వాళ్లకు దూరంగా, వీధికి అవతలి వైపు నుంచి ఇంటికి పోయేవాడు. దారిన పోయేవాళ్లు చూసేవాళ్లు. ఇస్త్రీ బండి ముసలాయన మొదట నవ్వాడు. సంగతి తెలిశాక, ఆ టైములో ఇస్త్రీ పెట్టెను చప్పుడు కాకుండా బల్ల మీద పెట్టేవాడు.

నెల నిండిన రోజు నాలుగు గంటలకే పిన్ని వచ్చి కూర్చుంది. పక్కన శాలువా. ఏడింటికి బస్సు.

ఆరున్నరకు కుంచె బుడ్డోణ్ణి తీసుకుని బయల్దేరింది. పిన్ని లేచి గుమ్మంలోకి వచ్చి నిలబడింది. అత్త ఆమె వెనక.

నాన్న మలుపు తిరిగాడు. బుడ్డోడు నడిచాడు. నిన్నటి చోటు దాటాడు. మొన్న ఏడ్చిన చోటు కూడా దాటాడు. ఇంకా పది అడుగులు. నాన్న నిచ్చెన కింద పెట్టి రోడ్డు పక్కన గొంతుక్కూర్చున్నాడు.

అప్పుడు వాడి గుప్పిట బిగిసింది.

కుంచె ఆగింది. ఒక నిమిషం గడిచింది. రెండు నిమిషాలు. గుప్పిట వదులు కాలేదు.

"టైమవుతోందే. ఎత్తుకెళ్లి వాళ్ల నాన్న ఒళ్లో వెయ్యి," అంది పిన్ని గుమ్మంలోంచి. "ఏడిస్తే ఏడుస్తాడు. తేలిపోతుంది."

పది అడుగులే. చంకనేసుకుని నాలుగు అంగల్లో పోవచ్చు. ఏడవకపోతే అంతా అయిపోతుంది. నాన్న కూడా ఆమె వైపే చూస్తున్నాడు. ఆయనా అదే అనుకుంటున్నాడేమో, మొహంలో తెలియడం లేదు.

"వద్దు పిన్నీ," అంది కుంచె. "బస్సు పోతే పోనీ."

ఆమె రోడ్డు మీదే మఠం వేసుకుని కూర్చుంది. వేలు వాడి గుప్పిట్లోనే ఉంచింది. లాగలేదు. ముందుకు నెట్టలేదు. రా అని కూడా అనలేదు. వీధి దీపం వెలిగింది. ఒక సైకిలు వాళ్లను తప్పించుకుని పోయింది.

ఎంతసేపైందో ఆమె లెక్కపెట్టలేదు. వేలు మొద్దుబారింది. తర్వాత ఆ వేలి మీద బరువు లేదని తెలిసింది. బుడ్డోడు వదిలేశాడు.

వాడు తనంతట తాను నడిచాడు. నాన్నకు అందీ అందని చోట ఆగాడు. రంగు మరకలున్న ఆ మోకాలిని ఒక వేలితో ముట్టుకున్నాడు. చటుక్కున చెయ్యి వెనక్కి లాక్కున్నాడు. మళ్లీ ముట్టుకున్నాడు. నాన్న కదల్లేదు. చేతులు రెండూ నేల మీద ఆనించి, ఊపిరి బిగబట్టి కూర్చున్నాడు. ఆయన చెంపల మీద నీళ్లు కారుతున్నాయి. తుడుచుకోవడానికి చెయ్యి ఎత్తలేదు. ఎత్తితే వాడు బెదురుతాడని.

ఆ బస్సు తప్పిపోవడంతో పిన్ని ఎనిమిదింటి బస్సుకు ఒక్కతే వెళ్లింది.

మర్నాడు సాయంత్రం బుడ్డోడు పది అడుగుల దగ్గర కాదు, ఇంటి మెట్టు దగ్గరే గుప్పిట బిగించి ఆగిపోయాడు. నాన్న ఇంకా మలుపు కూడా తిరగలేదు.

కుంచె వేలు వాడి గుప్పిట్లోనే ఉంచి, వాడి పక్కన మెట్టు మీద కూర్చుంది.